ఇంజనీరు సీటుకు గుమ్మం ఎక్కడ పెట్టినారు?

(కడప, కర్నూలు జిల్లాల కార్యకర్తలు, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అట్లాగే ఉంచాం.)



ఈ పొద్దు నన్ను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ గురించి మాట్లాడమన్నారు. మన రెండు జిల్లాల్లో ఆ పేరు తెలియని ఊరు లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా వాడలో ఆ మాట వినబడుతుంది. "మావోనికి ట్రిపుల్ ఐటీ వచ్చేతట్టుందా సార్?" అని అడుగుతారు. వస్తే సంతోషం. రాకపోతే తలరాత అనుకుని ఊరకుంటారు. ఆ బడి ఎట్లా వచ్చింది, అంతకుముందు ఇంజనీరు చదువు ఎవరి చేతుల్లో ఉండింది, ఇడుపులపాయలో చేరే పద్ధతి మిగతా ఇంజనీరు కాలేజీల పద్ధతికి ఎందుకు వేరేగా ఉంది, ఈ సంగతులు మనం కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. చరిత్ర తెలియనోడు చేతిలో ఉన్నదాన్ని నిలుపుకోలేడు. పోయినాక ఏం పోయిందో కూడా వానికి తెలీదు.

పెద్దోళ్ళు కాలేజీ చరిత్రను శిలాఫలకాలతో చెప్తారు. ఎవరు రాయి వేసినారు, ఎవరు రిబ్బను కత్తిరించినారు, ఎన్ని కోట్లు పెట్టినారు అని. నేను గుమ్మంతో చెప్తా. ఏ కాలంలో గుమ్మం ఎక్కడ పెట్టినారు, దాన్ని దాటి లోపలికి ఎవరు పోగలిగినారు, ఎవరు బయటే నిలబడిపోయినారు అని. మనకు పనికొచ్చే చరిత్ర అదే.

ఇంజనీరింగు చదువు మన సీమకు ఆలస్యంగా వచ్చింది గానీ ఇంజనీరింగు పని ఎప్పుడో వచ్చింది. కె.సి. కెనాల్ ఉంది కదా, కర్నూలు–కడప కాలువ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860లలో దాన్ని తవ్వించింది. సుంకేసుల కాడ తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి నీళ్ళు మళ్ళించినారు. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం కొనేసింది. తర్వాత శ్రీశైలం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినాడు. 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు ఖాళీ అయినాయి. కాలువ యాడ వంకర తిరగాల, నీళ్ళు ఎంత ఎత్తు దాకా నిలబడాల, ఎవని ఇల్లు మునగాల అనేది ఒక గీత తేల్చింది. ఆ గీతను గీసేది ఇంజనీరు.

సర్వే జరిగేటప్పుడు మీరు చూసే ఉంటారు. మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం పెట్టి, అద్దంలోంచి చూసి, పుస్తకంలో అంకెలు రాసుకునేటోడు ఒకడు. దూరంగా ఎండలో అంకెల కర్ర నిలబెట్టుకుని, "ఇంకొంచెం పక్కకు జరుగు" అంటే జరిగేటోడు ఇంకొకడు. ఆ కర్ర పట్టుకున్నోడు ఎవరో నేను చెప్పాల్సిన పని లేదు. మట్టి తవ్వింది మనోళ్ళే, తట్ట మోసింది మనోళ్ళే, బేల్దారి కింద సున్నం కలిపింది మనోళ్ళే. అద్దంలోంచి చూసే వంతు మాత్రం మనకు రాలేదు. చెయ్యి పని మనది, లెక్క వాళ్ళది. కులం అంటే ఇదే కదా. చెయ్యి ఒక కులానికి, లెక్క ఇంకొక కులానికి పంచిపెట్టడం.

ఆ లెక్క నేర్పే బడి ఎక్కడుండింది? మద్రాసులో. 1794లో ఈస్టిండియా కంపెనీ అక్కడ సర్వే బడి పెట్టింది. అదే తర్వాత గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి రాసిచ్చినాక, భూమి కొలిచి శిస్తు కట్టించడానికి కొలిచేటోళ్ళు కావాల్సి వచ్చినారు. అంటే మన భూమిని కొలిచే చదువు వందేళ్ళకు పైగా మనకు అంత దూరాన ఉండింది. మొదటి గుమ్మం అది. దూరం, డబ్బు, ఇంగ్లీషు, అన్నీ కలిసిన గుమ్మం. మాలపల్లె, మాదిగగేరి పిల్లోడు ఊరి బడి అరుగే ఎక్కలేని కాలంలో గిండీ మాట ఎవరు ఎత్తుతారు?

మన సీమకు కూడా విశ్వవిద్యాలయం కావాలని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్నారు. కాగితం మీద ఉన్నది నేల మీదికి రావడానికి ఎంత కాలం పడుతుందో సీమోళ్ళకు తెలుసు. 1946లో సీమ కోసమని ఒక ఇంజనీరింగు కాలేజీ పుట్టింది. పుట్టింది మాత్రం గిండీ ఆవరణలోనే. 1948లో అనంతపురానికి మారింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1959లో దాంట్లో ఇంజనీరింగు కాలేజీ పెట్టినారు. 1972లో జె.ఎన్.టి.యు. ఏర్పడి అనంతపురం కాలేజీ దాంట్లో కలిసింది. కడపకు 1977లో తిరుపతి విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం దక్కింది.

బడులు దగ్గరికి వచ్చినంత మాత్రాన సీటు దక్కలేదు. సీటు అనేది వేరే పోరాటం. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942లో వైస్రాయికి ఒక వినతిపత్రం ఇచ్చినాడు. మన పిల్లలు ఆర్ట్స్, లా చదివితే చాలదు, సైన్సు, సాంకేతిక విద్య చదవాల, ఆ చదువులు ఖరీదైనవి గనక ప్రభుత్వమే స్కాలర్‌షిప్ ఇవ్వాల అని దాంట్లో అడిగినాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అంబేడ్కర్ అంటే కోటు, చేతిలో రాజ్యాంగం, అంతే అనుకుంటాం. ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసేటప్పుడు నదులు, ఆనకట్టలు, కరెంటు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆనకట్టలు కట్టే దేశంలో మనోళ్ళు తట్టలు మోసేటోళ్ళుగానే మిగిలిపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. షెడ్యూల్డ్ కులాల పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఈ పొద్దు మీ పిల్లల పేరు మీద ఫీజు డబ్బు పడుతోందంటే ఏ ముఖ్యమంత్రి ఫోటో కాగితం మీద ఉన్నా, దాని వేరు అక్కడుంది.

ఇంకొక సంగతి. రిజర్వేషన్ అనే మాట రాజ్యాంగంలో చదువుకు సంబంధించి ఎట్లా చేరిందో తెలుసా? ఇంజనీరు సీటు, డాక్టరు సీటు గొడవతోనే చేరింది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అక్కడ ఒక జీవో ఉండింది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ ఇండియన్ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. దీని మీద ఇద్దరు కోర్టుకు పోయినారు. ఒకరు చంపకం దొరైరాజన్, డాక్టరు సీటు కోసం. ఆమె అసలు దరఖాస్తే పెట్టలేదని తీర్పులోనే ఉంది. ఇంకొకరు శ్రీనివాసన్, గిండీ ఇంజనీరింగు కాలేజీలో సీటు కోసం. రాష్ట్రం మొత్తానికి నాలుగు ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీలు, 395 సీట్లు అని అదే తీర్పులో లెక్క ఉంది. మన అనంతపురం కాలేజీ ఆ నాలుగింట్లో ఒకటి. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ ఏడు జూన్‌లోనే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేర్చినారు. అప్పుడు న్యాయశాఖ మంత్రి అంబేడ్కరే. 395 సీట్ల కాడ మొదలైన కొట్లాట రాజ్యాంగాన్నే కదిలించింది. సీటు అంటే కుర్చీ మాత్రమే కాదని వాళ్ళకు మనకంటే ముందే తెలుసు.

సరే, చట్టంలో సీటు వచ్చింది. అప్పుడు గుమ్మం ఇంకొక చోటికి జరిగింది. 1980లు వచ్చేసరికి ప్రైవేటు కాలేజీలు మొదలైనాయి. కడపలో కె.ఎస్.ఆర్.ఎం., కర్నూలులో 1985లో జి. పుల్లారెడ్డి కాలేజీ వచ్చినాయి. మన జిల్లాల్లోనే ఇంజనీరింగు చదవొచ్చు అనే మాట మంచిదే. కానీ రాష్ట్రమంతా డొనేషన్ల కాలం అది. కట్టగలిగినోడికి సీటు. 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ చట్టమే చెయ్యాల్సి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ ఫీజు చెల్లదని చెప్పింది. 1986 నుంచి ఎంసెట్ పరీక్ష పెట్టినారు. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు. ఒకే ప్రశ్నపత్రం, అందరికీ ఒకే మూడు గంటలు, న్యాయమే కదా అన్నారు.

న్యాయమేనా? ఆలోచించండి. ఎంసెట్ వచ్చింది, వెంట కోచింగ్ వచ్చింది. విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో పొద్దున అయిదు గంటల నుంచి రాత్రి పదింటి దాకా పిల్లలను కూర్చోబెట్టి రుబ్బే కాలేజీలు వచ్చినాయి. ఆ రెండేళ్ళకు అయ్యే ఖర్చు మన సేద్యగానికి ఎన్నేళ్ళ కూలి? ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళు చూడండి. మిరప కోతల కాలంలో ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు సుగ్గికి పోతారు. చిన్నపిల్లోళ్ళను ఎత్తుకునేదానికి పెద్దపిల్లను బడి మాన్పించి తీసుకపోతారు. ఒక పిల్లోడు గుంటూరుకు కోచింగ్‌కు పోతాడు, ఇంకొక పిల్ల గుంటూరుకు మిరపకాయలు కొయ్యడానికి పోతుంది. ఇద్దరికీ ఒకే ప్రశ్నపత్రం. దీనికి మెరిట్ అని పేరు. గుమ్మం పరీక్ష హాలు కాడ ఉన్నట్టు కనబడుతుంది గానీ, అసలు గుమ్మం పదో తరగతి అయినాక వచ్చే రెండేళ్ళ కాడ, ఎవరి జేబులో ఎంత ఉంది అనేదాని కాడ ఉంది. మన పిల్లల్లో చాలామంది ఆ రెండేళ్ళలోనే రాలిపోతారు.

ఇప్పుడు ఇడుపులపాయకు వద్దాం. 2006లో కడప పీజీ కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది. అదే ఏడు పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అనంతపురంలో విడిగా జె.ఎన్.టి.యు. వచ్చినాయి. ఆ 2008లోనే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టింది. దాని కింద మూడు ప్రాంగణాలు. తెలంగాణకు బాసర, కోస్తాకు నూజివీడు, సీమకు వేంపల్లె మండలం ఇడుపులపాయ. దీన్నే ఆర్కే వ్యాలీ అంటారు. మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. ఆయన చిత్తూరు జిల్లా కాటూరు ఊరోడు, 1958లో గిండీ కాలేజీలోనే ఇంజనీరింగు చదివి, అమెరికా పోయి, 1994లో కంప్యూటర్ సైన్సులో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాడు.

ఈ బడిలో కొత్తదనం ఏమంటే, గుమ్మాన్ని ఇంటర్మీడియట్ అవతల నుంచి తీసి పదో తరగతి కాడికి తెచ్చి పెట్టినారు. పదో తరగతి అయిన వెంటనే చేరతారు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు ఒకే చోట హాస్టల్లో ఉండి చదువుతారు. ఎంసెట్ లేదు. కోచింగ్ అక్కర లేదు. పదో తరగతిలో వచ్చిన మార్కులే ఆధారం. రిజర్వేషన్ ఎట్లాగూ ఉంటుంది. దానికి తోడు ఇంకొక నియమం పెట్టినారు. ప్రభుత్వ బడి, జిల్లా పరిషత్ బడి, మున్సిపల్ బడిలో ఇంటి నుంచి పోయి వచ్చి చదువుకున్న పిల్లలకు నూటికి నాలుగు వంతుల మార్కులు అదనంగా కలుపుతారు. గ్రేడ్లు ఉన్న కాలంలో పదికి 0.4 పాయింటు కలిపేవారు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు డిప్రివేషన్ స్కోర్. అంటే లేమికి ఇచ్చే మార్కు అనుకోండి.

ఈ నాలుగు మార్కుల విలువ మనం గ్రహించాల. ఇది ఎవరో జాలిపడి వేసిన భిక్షం అనుకుంటే పొరపాటు. ఇన్నాళ్ళు సర్కారు ఏమనేది? మార్కు అంటే మార్కే, ఎవరికి వచ్చినా ఒకటే అనేది. ఇక్కడ ఆ సర్కారే తన నియమాల్లో వేరే మాట రాసుకుంది. లెక్కల అయివారు ఏడాదిలో సగం రోజులు లేని బడిలో, కరెంటు పోయే కొట్టంలో, సాయంత్రం గొడ్లకు గడ్డి వేసి చదివి తెచ్చుకున్న తొంభై, ఏసీ గదిలో మూడేళ్ళు రుద్దించుకుని తెచ్చుకున్న తొంభై నాలుగు కంటే తక్కువేమీ కాదని ఒప్పుకుంది. మనం యాభై ఏళ్ళుగా అరిచి చెప్తున్నది అదే కదా! మెరిట్ అనేది ఆకాశం నుంచి పడదు, దానికి ఒక ఊరుంది, ఒక ఇల్లుంది, ఒక బడి ఉంది అని. ఇంజనీరు సీట్ల లెక్కలో ఆ మాట అంకెగా మారింది ఇక్కడ.

అయితే ఒక జాగ్రత్త. ఆ మార్కు బడిని చూస్తుంది, కులాన్ని చూడదు. అదే జిల్లా పరిషత్ బడిలో రెడ్డి పిల్లోడు చదివినా కలుస్తుంది, మాదిగ పిల్లోడు చదివినా కలుస్తుంది. కలవనీ, మంచిదే. బడి పేదరికం వేరు, అంటరానితనం వేరు. ఒకటి ఉంది గనక ఇంకొకటి అక్కర లేదని రేపు ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. షెడ్యూల్డ్ కులాల పదిహేను శాతం దాని చోట అది, నాలుగు మార్కులు దాని చోట అవి.

మొదటి ఏడు ఒక్కో ప్రాంగణానికి రెండు వేల మందిని తీసుకున్నారు. మొత్తం ఆరువేల మంది పల్లెటూరి పిల్లలు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చినారు, రికార్డు చేసిన పాఠాలు చూపించినారు. అంతకుముందు కంప్యూటరును తాకి చూడని పిల్లలు అందులో ఎందరో. కొన్నేళ్ళకే సీట్లను వెయ్యికి కుదించినారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. రెండు వేలు వెయ్యి అయినప్పుడు మన వాడల్లో ఎవరన్నా ధర్నా చేసినారా? చెయ్యలేదు. సీటు ఉన్నట్టు తెలిసేలోగానే సగం తగ్గిపోయింది. 2014లో మొదటి బ్యాచి బయటికి వచ్చింది. అదే ఏడు రాష్ట్రం రెండు ముక్కలై బాసర తెలంగాణకు పోయింది. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు ప్రకటించినారు. భవనాలు లేక ఒంగోలు పిల్లలను ఇడుపులపాయలోనే, శ్రీకాకుళం పిల్లలను నూజివీడులోనే పెట్టినారు. రాయి వెయ్యడం తేలిక. అనంతపురం కాలేజీ గిండీలో పుట్టినట్టే, ఒంగోలు బడి ఇడుపులపాయలో పుట్టింది.

ఇక అసలు సంగతి. 2020లో కరోనా వచ్చింది. పదో తరగతి పరీక్షలు రద్దయినాయి. మార్కులు లేవు గనక ఆ ఏడు ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్ష పెట్టినారు. 2021లో కూడా అంతే. 2022లో మళ్ళీ పదో తరగతి మార్కులకు వచ్చినారు. కారణం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ రెండేళ్ళలో ఒకటి తేలిపోయింది. గుమ్మం రాయితో కట్టింది కాదు, చెక్కతో చేసింది. ఒక జీవోతో జరపొచ్చు. ఎంట్రెన్సు అన్న మాట పుట్టిన రోజే కోచింగ్ బోర్డు కూడా లేస్తుంది. రేపు కరోనా లేకుండానే ఎవరన్నా "నాణ్యత తగ్గింది, పరీక్ష పెడదాం" అంటే? "నాలుగు మార్కులు ఎత్తేద్దాం" అంటే? ఆ పొద్దు మాట్లాడేదానికి మనకు నియమం తెలిసి ఉండాల. చట్టసభలో చర్చ వచ్చినాక పుస్తకం తిరగేస్తే లాభం లేదు.

ఇంకొకటి కూడా తెలుసుకోండి, ఇది చాలామంది కలిపేసుకుంటున్నారు. కర్నూలులో 2015లో ఇంకొక ట్రిపుల్ ఐటీ వచ్చింది, ట్రిపుల్ ఐటీ డీఎం అంటారు, జగన్నాథగట్టు మీద ఉంది. అది కేంద్ర ప్రభుత్వానిది. దాంట్లో చేరాలంటే ఇంటర్మీడియట్ చదివి జేఈఈ రాయాల. ఇడుపులపాయది రాష్ట్ర విశ్వవిద్యాలయానిది, పదో తరగతి మార్కులతో చేరేది. పేరు ఒకటే, గుమ్మాలు వేరు. కర్నూలు జిల్లా పిల్లోడు "మన ఊళ్ళోనే ట్రిపుల్ ఐటీ ఉంది, ఇంటర్ అయినాక చూద్దాం" అనుకుంటే ఇడుపులపాయ గడువు దాటిపోతుంది.

సరే, గుమ్మం దాటినారు. లోపల ఏముంది? తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల్లో పడుతుంది. పదిహేనేళ్ళ వయసు, ఇంటికాడ నుంచి దూరం, ఊళ్ళో ఫస్టు వచ్చిన పిల్ల అక్కడ వెయ్యి మంది ఫస్టుల్లో ఒకతె. ఆ విశ్వవిద్యాలయం మొదటి నుంచీ ఎక్కువ భాగం కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీదే నడిచింది. ఏడాదేడాదీ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని అయివారు పిల్లల కష్టం ఎంతని వింటాడు? పర్మనెంటు పోస్టు వేస్తే రోస్టరు పాటించాల, మన పిల్లలు అయివార్లు కూడా అవుతారు. కాంట్రాక్టు అంటే ఆ లెక్క గట్టిగా అడిగే దిక్కుండదు. ఇది కూడా ఒక గుమ్మమే.

సైన్సు చదువుల లోపలి గుమ్మాలు ఎట్లుంటాయో హైదరాబాదు చెప్పింది. ఇడుపులపాయ చట్టం వచ్చిన ఆ 2008లోనే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పరిశోధన చేస్తున్న దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. 2016 జనవరిలో అక్కడే రోహిత్ వేముల. వాళ్ళిద్దరూ గుమ్మం బయట రాలిపోయినోళ్ళు కారు. అన్ని గుమ్మాలు దాటి లోపలికి పోయినోళ్ళు. లోపల వాళ్ళకు మన మనిషంటూ లేకపోవడం ఎంత ప్రమాదమో ఆ రెండు చావులు చెప్తున్నాయి. అందుకే నేను తల్లిదండ్రులకు ఒక మాట చెప్తున్నా. పిల్లను హాస్టల్లో వదిలేసి, సీటు వచ్చింది కదా అని నిద్రపోవద్దు. వారానికి ఒకసారి ఫోన్ చేయండి. మార్కులు తర్వాత అడగండి, ముందు తిన్నావా, ఎవరితో మాట్లాడుతున్నావు, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడగండి. ఇంటికి వస్తానంటే రమ్మనండి. సీటు కంటే బిడ్డ పెద్దది.

ఆడపిల్లల తండ్రులకు ఇంకొక మాట. ఈ మధ్య ఏళ్ళలో ట్రిపుల్ ఐటీల్లో చేరేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. బాగా చదివేది వాళ్ళే. పదో తరగతి అయినాక సంబంధం చూడాలా, చదివించాలా అని మనం తడుముకునే వయసులో ఈ బడి ఆరేళ్ళు హాస్టలు పెట్టి చదివిస్తోంది. తడుముకోవద్దు.

"చదివి ఏం చేస్తారు, బెంగుళూరు పోయి కంప్యూటరు ముందు కూర్చుంటారు, ఊరికి ఏం లాభం?" అని ఒక పెద్దాయన అడిగినాడు. పోనియ్, బెంగుళూరుకు పోయినా తప్పులేదు, ఆ జీతం ఒక ఇంటిని లేపుతుంది. కానీ ఊరికి కూడా పని ఉంది. ఇడుపులపాయకు ఎంతో దూరం లేదు తుమ్మలపల్లె. అక్కడ యురేనియం గని ఉంది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు చెడిపోయినాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళుగా చెప్తున్నారు. కంపెనీ లెక్కలు తెచ్చి, ఏమీ కాలేదంటుంది. ఆ లెక్క చదివి, నీళ్ళు తీసి, తానే కొలిచి, ఇది నిజం ఇది కాదు అని చెప్పేదానికి మన వాడ నుంచి ఒక కెమికల్ ఇంజనీరు ఉంటే? అప్పటి కర్నూలు జిల్లాలోని గని, శకునాల కాడ 2017 నాటికి వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టినారు. మన ఎండను కరెంటు చేసి అమ్ముతున్నారు. దాంట్లో మనోడు వాచ్‌మన్ కావాలా, పలకలు తుడవాలా, లేక దాన్ని నడిపే ఇంజనీరు కావాలా? కర్ర పట్టుకుని ఎండలో నిలబడిన తాత మనవడు అద్దంలోంచి చూసే రోజు రావాల. దానికే ఈ సీటు.

ఇక పనులు. కార్యకర్తలు రాసుకోండి.

ఒకటి. ప్రతి వాడలో తొమ్మిది, పది తరగతుల పిల్లల పేర్లు రాయండి. ఏ బడి, ఏ సబ్జెక్టులో వెనకబడి ఉన్నారు, సుగ్గికి పోయేవాళ్ళు ఎవరు. పోతే పిల్లను ఎవరింట్లో పెట్టాల అనేది వాడ పెద్దలు తేల్చాల.

రెండు. పదో తరగతి ఆ ఏడే, మొదటిసారికే పాసైన పిల్లలకే ఈ అవకాశం. ఫెయిలై సప్లిమెంటరీలో పాసైతే ఈ గుమ్మం మూసుకుపోతుంది. కాబట్టి లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు సాయంత్రం క్లాసులు తొమ్మిదో తరగతి నుంచే మొదలుపెట్టాల. ఇప్పటికే ట్రిపుల్ ఐటీలో ఉన్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు రోజుకు రెండు గంటలు వాళ్ళ చేత చెప్పించండి. వాళ్ళకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మూడు. కులం సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ ఫలితాలు రాకముందే చేతిలో ఉండాల. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఏ ఏడు నోటిఫికేషన్ ఆ ఏడు మొత్తం చదవండి. నియమాల్లో ఒక్క మాట మారినా పది మందికి చెప్పండి.

నాలుగు. సీటు రాని పిల్లలను వదిలెయ్యొద్దు. పాలిటెక్నిక్ ఉంది, గురుకుల ఇంటర్ ఉంది. వెయ్యి సీట్ల బడి అందరికీ సరిపోదు. అందుకే సీట్లు పెంచమని, అధ్యాపకులను పర్మనెంటుగా వెయ్యమని, ఎంట్రెన్సు పెట్టొద్దని, నాలుగు మార్కుల నియమాన్ని తియ్యొద్దని మండలం మండలం నుంచి అర్జీలు పోవాల. అడగనోనికి అమ్మ కూడా పెట్టదు.

మద్రాసు నుంచి అనంతపురానికి, అనంతపురం నుంచి ఇడుపులపాయకు బడి దగ్గరవుతూ వచ్చింది. దానంతట అది రాలేదు, అడిగినోళ్ళు ఉన్నారు గనక వచ్చింది. వచ్చేది వేసవి. ఫలితాలు వచ్చినాక ఇట్లాగే మళ్ళీ కూడదాం. ఏ వాడ నుంచి ఎంతమంది దరఖాస్తు పెట్టినారు, ఎంతమంది చేరినారు, చేరనోళ్ళు ఎక్కడ ఆగిపోయినారు అని లెక్క తీసుకుని రండి. లెక్క ఇకమీద మన చేతిలో ఉండాల.

జైభీమ్.